రెండు రోజులకో బస్కీ: గామా పహిల్వాన్ కసరత్తు లెక్క

పెళ్లి తేదీ ఖాయం కాగానే మన కుర్రాళ్లలో చాలామంది చేసే మొదటి పని జిమ్‌లో చేరడం. షేర్వానీకి కొలతలు ఇచ్చేలోపు ఛాతీ పెరగాలి, పొట్ట తగ్గాలి. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టేస్తారు. మొదటి వారం రోజుకు రెండు గంటలు. రెండో వారం ఒళ్లంతా నొప్పులు. మూడో వారం నుంచి జిమ్ వాళ్లు ఫోన్ చేసినా ఎత్తరు. నేను కూడా ఇదే పని రెండుసార్లు చేశాను. కాబట్టి ఎవరినీ ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు.

రెండోసారి మానేసిన రోజుల్లోనే గామా పహిల్వాన్ గురించి చదవడం మొదలుపెట్టాను. మన ఇళ్లలో ఆయన పేరు ఒక సామెత. పిల్లవాడు బియ్యం బస్తా ఎత్తడానికి పోయినా, గల్లీలో ఎవరైనా రొమ్ము విరుచుకుని నడిచినా, నువ్వేమన్నా గామా పహిల్వాన్‌వా అని అడగడం పెద్దవాళ్లకు అలవాటు. అడిగేవాళ్లలో చాలామందికి ఆయన ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. నాకూ తెలియదు. తెలుసుకున్నాక అర్థమైంది ఏమిటంటే, ఆయన బలం కంటే ఆ బలాన్ని కూడబెట్టిన పద్ధతి పెద్దది.

తండ్రి లేని పిల్లవాడు

ఆయన అసలు పేరు గులామ్ ముహమ్మద్ బక్ష్. 1878 మే 22న పుట్టాడు. కశ్మీర్ నుంచి పంజాబ్‌కు వచ్చి అమృత్‌సర్ వైపు స్థిరపడిన బట్ కుటుంబం వాళ్లది. ఇంట్లో కుస్తీ తరతరాల పని. తండ్రి అజీజ్ బక్ష్ కూడా పేరున్న పహిల్వాన్. గామా అన్నది చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. అదే చివరిదాకా నిలిచింది.

గులామ్‌కు ఆరేళ్లు వచ్చేసరికి తండ్రి ఇంతకాల్ అయ్యాడు. పిల్లవాణ్ణి, తమ్ముడు ఇమామ్ బక్ష్‌ను నానా నూన్ పహిల్వాన్ దగ్గరికి తీసుకున్నాడు. ఆయనా ఎక్కువ కాలం ఉండలేదు. తర్వాత మామూ ఈదా పహిల్వాన్ బాధ్యత తీసుకున్నాడు. ఆ ఇంట్లో యతీమ్ పిల్లవాణ్ణి ఓదార్చే మార్గం ఒకటే ఉండేది, అది కసరత్తు. తండ్రి ఏ కోరికతో పోయాడో ఆ కోరిక నువ్వు తీర్చాలని పిల్లవాడికి చెప్పి గోదాలోకి దింపారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. దింపారు కానీ కుస్తీ పట్టనివ్వలేదు. ముందు ఒళ్లు తయారు కావాలి. పార పట్టి గోదా మట్టి తవ్వాలి, గుల్ల చేయాలి, చదును చేయాలి. తాలీంఖానాలో మట్టి తవ్వడం ఊడిగం కాదు, అదే మొదటి పాఠం. భుజాలు, నడుము, పిడికిలి మూడూ దానితోనే గట్టిపడతాయి. ఆ తర్వాత దండీలు, బస్కీలు. పదేళ్ల వయసుకు ఆ పిల్లవాడు రోజుకు 500 బస్కీలు, 500 దండీలు తీస్తుండేవాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. తిండి కూడా వయసును బట్టే. పాలు, బాదం, పళ్లరసం. మాంసం, యఖ్నీ పదిహేనేళ్లు వచ్చాకే మొదలుపెట్టారట. అంటే ఏ వయసుకు ఏది అన్న పట్టిక ఆ ఇంట్లో కాగితం మీద లేకపోయినా పెద్దవాళ్ల బుర్రలో ఉంది.

జోధ్‌పూర్‌లో ఒక పోటీ

1888లో జోధ్‌పూర్ మహారాజా జస్వంత్ సింగ్ ఒక పోటీ పెట్టించాడు. అందులో కుస్తీ లేదు. బస్కీలు తీస్తూ పోవాలి, ఎవరు చివరిదాకా నిలబడితే వాళ్లదే గెలుపు. నలుమూలల నుంచి 400 మందికి పైగా పహిల్వాన్లు వచ్చారు. మామూ వెంట పదేళ్ల గామా కూడా వెళ్లి వరుసలో నిలబడ్డాడు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే కూలబడుతుంటే ఈ పిల్లవాడు తీస్తూనే ఉన్నాడు. చివరికి 15 మంది మిగిలారు. వాళ్లలో గామా ఒకడు. మహారాజా పోటీ ఆపించి, వయసు చూసి ఈ పిల్లవాడినే విజేతగా ప్రకటించాడు.

ఈ కథ చెప్పేటప్పుడు మనవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి సంగతి అంతకంటే ముఖ్యం. పోటీ అయ్యాక గామా వారం రోజుల దాకా మంచం దిగలేకపోయాడట. పదేళ్ల ఒంటికి అది మోయలేని బరువు. ఈ రోజు డాక్టర్లు దీని గురించి గట్టిగానే హెచ్చరిస్తున్నారు. అలవాటు లేని ఒళ్లు ఒక్కసారిగా వందల బస్కీలు తీస్తే కండరం లోపల చితికి, దానిలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఇంట్లో మాలిష్ చేసుకుంటూ కూర్చోకూడదు, ఆస్పత్రికి పరిగెత్తాలి. పందెం కట్టి మొదటి రోజే 500 తీసే కుర్రాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

జోధ్‌పూర్ తర్వాత దతియా మహారాజా గామాను తన ఆస్థానంలోకి తీసుకున్నాడు. అప్పట్లో సంస్థానాల్లో పహిల్వాన్లను పోషించడం రాజులకు గొప్ప. తిండి, గోదా, ఉస్తాద్, మాలిష్ చేసే మనిషి, అన్నీ సంస్థానం ఖర్చే. తండ్రి లేని పిల్లవాడికి ఇక తిండి గురించి ఆలోచించే పని లేదు. చేయాల్సింది కసరత్తే.

రోజు ఎలా గడిచేది

తాలీంఖానా దినచర్య తెల్లవారుజామున మొదలయ్యేది. చీకటి ఉండగానే లేవడం, బస్కీలు, దండీలు. తర్వాత గోదాలో జోర్, అంటే సాటి పహిల్వాన్లతో పట్టు మీద పట్టు. ఆ తర్వాత ఒంటికి మాలిష్, స్నానం, తిండి, నిద్ర. సాయంత్రం మళ్లీ కసరత్తు, మళ్లీ తిండి, తొందరగా పడక. నెలల తరబడి, ఏళ్ల తరబడి అదే.

గామా ఎదిగాక ఆయన రోజువారీ లెక్క ఇలా చెబుతారు: 5,000 బస్కీలు, 3,000 దండీలు, గోదాలో 40 మంది పహిల్వాన్లతో ఒకరి తర్వాత ఒకరితో జోర్. దీనికి తోడు మెడలో రాతి చక్రం వేసుకుని కసరత్తు. ఈ చక్రాన్ని హస్లీ అంటారు. అంకెలు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంటాయి. కానీ వేలల్లో అన్నది అందరూ ఒప్పుకునే మాట.

నేను బీకాం వాణ్ణి. అంకె కనిపిస్తే లెక్క వేయకుండా ఉండలేను. నిమిషానికి 30 చొప్పున ఆపకుండా తీసినా 5,000 బస్కీలకు 2 గంటల 47 నిమిషాలు పడుతుంది. పొద్దున సగం, సాయంత్రం సగం చేస్తే రోజంతా ఇదే పనిగా పెట్టుకున్న మనిషికి సాధ్యమే. అసలు లెక్క అది కాదు. పదేళ్లప్పుడు 500. లండన్ వెళ్లేనాటికి, అంటే 32 ఏళ్లకు 5,000 అనుకుందాం. 22 ఏళ్లలో 4,500 పెరిగాయి. ఏడాదికి రెండొందల చిల్లర. సగటున సుమారు రెండు రోజులకు ఒక్క బస్కీ పెరిగినట్టు!

ఈ అంకె చూశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ప్రపంచంలో ఎవరూ పడగొట్టలేని మనిషిని తయారు చేసిన పెరుగుదల రెండు రోజులకు ఒకటి. చక్రవడ్డీ కూడా కాదు, బారువడ్డీ. కాకపోతే ఒక్క వాయిదా తప్పలేదు.

ఇంకో సంగతి. ఆ పద్ధతిలో ప్రతి కసరత్తుకూ ఒక పని ఉంది. బస్కీలు తొడలకు, మోకాళ్లకు, ఊపిరికి. దండీలు ఛాతీకి, భుజాలకు, వెన్నుకు. ముగ్దర్లు తిప్పడం భుజం కీలుకు, మణికట్టుకు. పార పట్టడం నడుముకు, పిడికిలికి. జోర్ అన్నింటినీ కలిపి కుస్తీగా మార్చడానికి. మాలిష్, నిద్ర ఒళ్లు మళ్లీ కూడదీసుకోవడానికి. తిండి కూడా పని చేసిన ఒంటికి జీతం లాంటిది. పాలు, బాదం, నెయ్యి, దేశీ కోళ్లు, యఖ్నీ అని గామా తిండి గురించి కథలు కథలుగా చెబుతారు. మనం తిండి దగ్గర ఆయన్ను అనుసరిస్తాం, బస్కీల దగ్గర వదిలేస్తాం. దావత్‌లో మూడో ప్లేటు బిర్యానీ తింటూ గామా పేరు చెప్పేవాళ్లను నేను చూశాను.

1902 నాటి ఒక గుర్తు బరోడాలో ఇప్పటికీ ఉంది. అక్కడి మ్యూజియంలో ఒక పెద్ద బండరాయి. 1902 డిసెంబర్ 23న గామా దాన్ని ఎత్తాడని దాని మీద చెక్కి ఉంది. బరువు 1,200 కిలోలు అంటారు. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు.

ఏడడుగుల రహీమ్ బక్ష్

దేశంలో గామాకు లొంగని మనిషి ఒక్కడే ఉండేవాడు. గుజ్రాన్‌వాలాకు చెందిన రహీమ్ బక్ష్ సుల్తానీవాలా. దాదాపు ఏడడుగుల మనిషి. గామా ఎత్తు 5 అడుగుల 7, 8 అంగుళాలు. వయసులోనూ రహీమ్ పెద్ద. ఇద్దరూ మొదటిసారి తలపడినప్పుడు గామాకు 17 ఏళ్లు. గంటల తరబడి సాగిన కుస్తీలో గామా ముక్కు నుంచి, చెవుల నుంచి రక్తం కారింది. కానీ వీపు మట్టికి తాకలేదు. కుస్తీ సమానంగా ముగిసింది.

తర్వాత కూడా వాళ్లు తలపడ్డారు, మళ్లీ తేలలేదు. చివరికి లండన్ నుంచి తిరిగొచ్చాక అలహాబాద్‌లో జరిగిన కుస్తీలో గామా గెలిచాడు. రుస్తమ్-ఎ-హింద్ బిరుదు ఆయనదైంది. నీ జీవితంలో అందరికంటే గట్టి పహిల్వాన్ ఎవరని ఎవరైనా అడిగితే గామా రహీమ్ బక్ష్ పేరే చెప్పేవాడట. ఓడించిన మనిషిని అంత ఇజ్జత్‌తో తలచుకోవడం కూడా ఆ తాలీంలో భాగమే.

లండన్, 1910

1910లో బెంజమిన్ అనే ప్రమోటర్ గామాను, ఇమామ్ బక్ష్‌ను, మరికొందరు పహిల్వాన్లను ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. అక్కడ ప్రపంచ స్థాయి పోటీ జరుగుతోంది. గామాను చూసి నిర్వాహకులు పొట్టి మనిషి అని చేర్చుకోలేదు. మనం బ్రిటిష్ వాళ్ల పాలనలో ఉన్న రోజులవి. వేల మైళ్లు ఓడలో వెళ్లి, గేటు దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది.

గామా వెనక్కి రాలేదు. ఏ బరువు వాళ్లయినా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని బహిరంగంగా సవాలు విసిరాడు. మొదట ఎవరూ నమ్మలేదు. చివరికి అమెరికన్ పహిల్వాన్, వృత్తిరీత్యా డాక్టర్ అయిన బెంజమిన్ రోలర్ ముందుకొచ్చాడు. ఆగస్టులో జరిగిన ఆ కుస్తీలో గామా ఆయన్ను మొదటిసారి 1 నిమిషం 40 సెకన్లలో, రెండోసారి 9 నిమిషాల 10 సెకన్లలో పడగొట్టాడు. తమ్ముడు ఇమామ్ బక్ష్ స్విట్జర్లాండ్‌కు చెందిన జాన్ లెమ్‌ను ఓడించాడు. ఇక గేటు తెరవక తప్పలేదు.

సెప్టెంబర్ 10న అసలు కుస్తీ. ఎదురుగా పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ జిబిస్కో. గామా కంటే పాతిక కిలోల దాకా ఎక్కువ బరువు. యూరప్‌లో అప్పటి పెద్ద పేర్లలో ఒకడు. మొదటి నిమిషంలోనే గామా ఆయన్ను కింద పడేశాడు. కానీ వీపు ఆనించలేకపోయాడు. జిబిస్కో చాపకు అతుక్కుని బోర్లా పడుకున్నాడు, లేవలేదు. అలా రెండున్నర గంటలకు పైగా సాగింది. ఫలితం తేలలేదు. వారం తర్వాత, సెప్టెంబర్ 17న మళ్లీ కుస్తీ అన్నారు. ఆ రోజు గామా వచ్చాడు, జిబిస్కో రాలేదు. 250 పౌండ్ల బహుమతి, జాన్ బుల్ బెల్టు గామాకు ఇచ్చారు.

రెండున్నర గంటలు! జిమ్‌లో ఐదు నిమిషాలు ట్రెడ్‌మిల్ ఎక్కితే గోడ మీది గడియారం చూసే మనకు ఆ సమయం ఊహకు అందదు. ఆ రోజు గామాను నిలబెట్టింది కండ కాదు, ఊపిరి. తెల్లవారుజామున ఎవరూ చూడని వేళ తీసిన బస్కీలే అక్కడ పనికొచ్చాయి.

పద్దెనిమిదేళ్ల తర్వాత

నా దృష్టిలో గామా జీవితంలో అన్నింటికంటే పెద్ద పరీక్ష లండన్ కాదు, 1928 జనవరిలో పటియాలా. అప్పటికి ఆయన పటియాలా మహారాజా భూపీందర్ సింగ్ ఆదరణలో ఉన్నాడు. లండన్‌లో తేలని లెక్క తేల్చడానికి జిబిస్కోను పిలిపించారు. గామాకు 49 ఏళ్లు. జిబిస్కోకు 48. ఇద్దరూ ఏభై గడపలో ఉన్నారు. చూడ్డానికి దూరదూరాల నుంచి వేలాదిగా జనం వచ్చారు.

కుస్తీ ఒక్క నిమిషం కూడా పట్టలేదు. జిబిస్కో వీపు మట్టికి ఆనింది. గామా రుస్తమ్-ఎ-జమానా, అంటే ఈ కాలపు రుస్తమ్ అయ్యాడు. ఓడిపోయిన జిబిస్కో ఆయన్ను మనస్ఫూర్తిగా పొగిడాడని చెబుతారు. మరుసటి సంవత్సరం జెస్సీ పీటర్సన్ అనే ఇంకో పహిల్వాన్‌ను కూడా నిమిషన్నర వ్యవధిలోనే ఓడించాడు. ఆ తర్వాత ఎదురు నిలబడటానికి చెప్పుకోదగ్గవాళ్లు ఎవరూ రాలేదు.

ఆ 18 ఏళ్లు గామా ఏం చేశాడన్నదే ఇక్కడ ప్రశ్న. బెల్టు వచ్చింది, బిరుదు వచ్చింది, రాజుగారి ఆదరణ ఉంది. పడుకుని తినొచ్చు. పేరు కోసం చేసే మనిషి అక్కడితో ఆపేస్తాడు. అలవాటైన మనిషి ఆపలేడు. మన ఇళ్లలో నలభై దాటిన మగవాళ్లను చూడండి. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పి. ఇంకేం వయసు అయిపోయింది అనేది మన అందరి మాట. 49 ఏళ్ల గామా ముందు ఆ మాట చెల్లదు.

1947

ఇంతవరకు గెలుపుల కథ. తర్వాత కష్టాలు వచ్చాయి. గామాకు ఐదుగురు కొడుకులు. ఐదుగురూ చిన్నవయసులోనే పోయారు. ఆఖరివాడు జలాలుద్దీన్ 1945లో, 13 ఏళ్ల వయసులో చనిపోయాడు. ప్రపంచంలో ఎవరూ కింద పడేయలేని మనిషిని ఆ దుఃఖం పడేసింది. కొన్నాళ్లు మాట కూడా రాలేదంటారు. సబర్ అనే మాట మనం సులువుగా వాడతాం. దాని బరువు ఎంతో ఆయన్ను అడగాలి.

రెండేళ్లకు దేశ విభజన. గామా కుటుంబం అమృత్‌సర్ వదిలి లాహోర్ చేరింది. మోహ్నీ రోడ్డులో ఇల్లు. ఆ వీధిలో హిందూ కుటుంబాలు ఉండేవి. ఊరంతా మండుతోంది. తమ వీధిలో ఎవరి మీదా చెయ్యి పడనివ్వనని గామా మాటిచ్చాడు. గుంపు వచ్చిన రోజు తన శిష్యులతో వీధి మొదట్లో నిలబడ్డాడు. ముందుకొచ్చిన ఒకణ్ణి ఒక్క చెంపదెబ్బతో పడేస్తే మిగిలినవాళ్లు వెనక్కి తగ్గారని చెబుతారు. తర్వాత ఆ కుటుంబాలను తానే సరిహద్దు దాకా చేర్చి, దారి ఖర్చు, సరుకులు ఇచ్చి సాగనంపాడు.

అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న మనిషి. సొంత ఊరు పోయిన ముహాజిర్. కోపం తెచ్చుకోవడానికి ఆయనకు ఉన్నన్ని కారణాలు ఆ గుంపులో ఎవరికీ లేవేమో. అయినా ఆ బలం ఎటువైపు నిలబడిందో చూడండి. 60 ఏళ్లు చేసిన కసరత్తు నిజంగా అక్కరకొచ్చిన రోజు అదేనని నాకనిపిస్తుంది. బరోడా రాయి ఎత్తకపోయినా, లండన్ బెల్టు రాకపోయినా ఎవరి ప్రాణమూ పోయేది కాదు. మోహ్నీ రోడ్డులో ఆయన లేకపోతే పోయేవి.

చివరి రోజులు ఇబ్బందిగానే గడిచాయి. పోషించిన సంస్థానాలు లేవు. గుండె జబ్బు, ఆస్తమా. ఆయన పరిస్థితి తెలిసి ఇండియా నుంచి పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా కొంత డబ్బు, నెలకు 300 రూపాయల పింఛను పంపించాడు. పాకిస్తాన్ ప్రభుత్వం కూడా వైద్యం ఖర్చు భరించింది. కొడుకులు లేని గామా తమ్ముడి కొడుకు భోలూను, అతని తమ్ముళ్లను తయారు చేశాడు. భోలూ తర్వాత రుస్తమ్-ఎ-పాకిస్తాన్ అయ్యాడు. 1960 మే 23న, 82 ఏళ్లు నిండిన మరుసటి రోజు లాహోర్‌లో గామా కన్నుమూశాడు. నవాజ్ షరీఫ్ భార్య కుల్సూమ్ నవాజ్ ఆయన కూతురి కూతురే. ఆయన కసరత్తు గురించి చదివి సినిమా హీరో బ్రూస్ లీ కూడా తన సాధనలో దండీలు, బస్కీలు చేర్చుకున్నాడు.

మన ఇంటికి తెచ్చుకుంటే

5,000 బస్కీలు మనం తీయలేం, తీయకూడదు కూడా. మనకు ఉద్యోగాలున్నాయి, షాపులున్నాయి, పిల్లల స్కూళ్లున్నాయి. ఆయన దగ్గర తీసుకోవాల్సింది అంకె కాదు, వరుస.

మొదటిది, మొదలుపెట్టే చోటు. ఈ రోజు ఎన్ని సులువుగా తీయగలరో లెక్కపెట్టుకోండి. 20 వస్తే, 15తో మొదలుపెట్టండి. రెండోది, పెరుగుదల. రెండు రోజులకు ఒకటి చాలు. మూడోది, వారం పట్టిక. వారంలో మూడు రోజులు బస్కీలు, దండీలు లాంటివి. మూడు రోజులు చురుగ్గా అరగంట నుంచి ముప్పావు గంట నడక. ఒక రోజు పూర్తి విశ్రాంతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది కూడా దాదాపు ఇంతే: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని. నాలుగోది, రాసుకోవడం. కిరాణా కొట్టు ఖాతాలా ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, అంకె రాయండి. ఐదోది, నిద్ర. అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తే పొద్దున కసరత్తు లేదు, ఫజర్ కూడా కష్టమే.

ఇది మగపిల్లలకే అనుకోకండి. అమ్మీలకు, ఆపాలకు ఇంకా ఎక్కువ అవసరం. దండీలు నేల మీద కష్టమైతే గోడకు చేతులు ఆనించి తీయొచ్చు. బస్కీలు కుర్చీ మీద కూర్చుని లేస్తూ చేయొచ్చు. దీనికి ఫీజు లేదు, బట్టలు కొనక్కర్లేదు, ఇల్లు దాటక్కర్లేదు. షుగర్, గుండె జబ్బు, మోకాళ్ల సమస్య ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. రంజాన్‌లో అంకె తగ్గించుకోవచ్చు, మానేయక్కర్లేదు. త్వరగా కండ రావాలని ఎవరో చెప్పిన ఇంజెక్షన్ల జోలికి మాత్రం పోవద్దు. ఒళ్లు మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాన్ని అప్పుల మీద పెంచకూడదు.

మన దగ్గర ఈ విద్య లేదనుకోవద్దు. హైదరాబాద్ పాత బస్తీలో తాలీంఖానాలు ఇప్పటికీ ఉన్నాయి. అటు శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి గామా కాలపు మనిషే. మన తాతలకు దండీలు, బస్కీలు కొత్తవి కావు. మధ్యలో మనమే వదిలేశాం.

గామా మెడలో వేసుకుని కసరత్తు చేసిన హస్లీ ఇప్పుడు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఉంది. బరువు 95 కిలోలు. మనిషి సమాధి సరిహద్దుకు అవతల, ఆయన మోసిన బరువు ఇవతల. ఎప్పుడైనా అటు వెళితే చూడాలని ఉంది.

నేను మూడోసారి మొదలుపెట్టాను. ఈసారి జిమ్‌లో కాదు, మేడ మీద. గత నెల ఇదే తేదీన నోట్‌బుక్‌లో 30 అని రాసి ఉంది. ఈ రోజు ఫజర్ తర్వాత 45 రాశాను.